40 మంది పిల్లలు, 45 నిమిషాలు: ఒక్కో నోటికి ఎంత?

ఇంగ్లిషు పీరియడు 45 నిమిషాలు. క్లాసులో 40 మంది. ఒక మామూలు రోజు లెక్క వేద్దాం. పిల్లలు సర్దుకుని కూర్చోవడానికీ, హాజరుకూ 5 నిమిషాలు పోతాయి. పాఠం చదివి, అర్థాలు చెప్పి, నల్లబల్ల మీద రాసేసరికి టీచరు మాటే 20 నిమిషాలు నడుస్తుంది. మిగిలిన 20 నిమిషాలూ పిల్లలే మాట్లాడారనుకుందాం. ఒకరి తర్వాత ఒకరు, మధ్యలో క్షణం వృథా కాకుండా. అయినా ఒక్కొక్కరి వాటా 30 సెకన్లే.

ఇది కూడా ఉదారంగా వేసిన లెక్క. నిజానికి ఆ 20 నిమిషాల్లో చేయి ఎత్తేది ముందు బెంచీల్లో ఉండే ఐదారుగురే. వెనక కూర్చున్నవాళ్లలో కొందరు వారం మొత్తం మీద ఇంగ్లిషులో ‘ప్రెజెంట్ సార్’ తప్ప ఇంకో మాట అనరు.

విద్యాహక్కు చట్టం ప్రకారం 6, 7, 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలి. రోజుకు ఒక ఇంగ్లిషు పీరియడు, అందులో ఒక్కో పిల్లకు అర నిమిషం. ఏడాదికి 110 నిమిషాలు. అంటే ఒక తెలుగు సినిమా నడిచేంత సేపు కూడా కాదు. అదే కొలతతో ఆరో తరగతి నుంచి పది దాకా అయిదేళ్లూ కలిపితే 550 నిమిషాలు, 9 గంటల 10 నిమిషాలు.

ఇదే లెక్కను రెండో వైపు నుంచి చూడండి. 220 పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు. ఏడాదికి 165 గంటలు, అయిదేళ్లకు 825 గంటలు. భాషా సామర్థ్యాన్ని కొలవడానికి ఐరోపా మండలి 2001లో ఏ1 నుంచి సీ2 దాకా 6 మెట్ల చట్రం ప్రచురించింది. ప్రయాణాల్లో తన పని తాను చక్కబెట్టుకుని, తనకు జరిగినదాన్ని సొంత మాటల్లో చెప్పగలిగితే బీ1. దాని పై మెట్టు బీ2. సున్నా నుంచి మొదలుపెట్టినవారు బీ1 చేరడానికి 350 నుంచి 400 గంటల బోధన, బీ2 చేరడానికి 500 నుంచి 600 గంటలు పడుతుందని కేంబ్రిడ్జ్ పరీక్షల విభాగం అంచనా. నేర్చుకునేవారి మాతృభాషను బట్టీ, పరిసరాలను బట్టీ ఇది పెరగవచ్చు, తగ్గవచ్చు. ఎంత పెంచుకున్నా మన పిల్లలు క్లాసులో కూర్చున్న 825 గంటలు తక్కువేమీ కాదు.

మన బడుల్లో ఇంగ్లిషుకు గంటలు తక్కువ కాలేదు. ఆ గంటలు ఎవరి నోట్లో గడిచాయన్నదే అసలు సంగతి. బడిలో ఇంగ్లిషు చెప్పే మనిషిగా నేను పాఠం రాసుకోవడానికి కూర్చున్నప్పుడు మొదట వేసుకునే ప్రశ్న అదే. ఈ రోజు ఏ పాఠం చెప్పాలన్నది ఆ తర్వాతే. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి దశలవారీగా ఇంగ్లిషు మీడియం వచ్చింది. మీడియం మారినంత మాత్రాన ఆ అర నిమిషం ముప్పావు నిమిషం కాదు. సైన్సు పాఠం కూడా టీచరు నోట్లోనే నడిస్తే పిల్లకు అదనంగా వచ్చేది చెవికే, నోటికి కాదు. అర్థం కాకపోతే చెవికీ రాదు.

పరీక్షల వైపు చూస్తే కారణం తెలుస్తుంది. పదో తరగతి పబ్లిక్ పరీక్ష రాతపరీక్ష. వచ్చే మార్కులన్నీ కాగితం మీద రాసినవాటికే. కొన్నేళ్లు గడిచాక అదే పిల్ల పై చదువుకు విదేశం వెళ్లాలని ఐఈఎల్‌టీఎస్‌ అనే ఇంగ్లిషు పరీక్షకు కూర్చుంటుంది. అక్కడ వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగింటికీ సమాన బరువు. వినడం, మాట్లాడటం కలిస్తే సగం స్కోరు. వినే పరీక్షలో 40 ప్రశ్నలు ఉంటాయి, ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. అందులో ఒక చోట చేతికి కార్డు ఇచ్చి, ఆలోచించుకోవడానికి 1 నిమిషం ఇచ్చి, 2 నిమిషాల దాకా ఆపకుండా మాట్లాడమంటారు. రోజుకు 30 సెకన్లు కూడా వరసగా మాట్లాడి ఎరగని పిల్లకు ఆ 2 నిమిషాలు ఎంత పొడుగో ఊహించుకోవచ్చు. హైదరాబాదులో, విజయవాడలో కోచింగ్ సెంటర్లు నడుస్తున్నది బడి వదిలేసిన ఈ సగం మీదే.

ముందు చెవి సంగతి. వినే పాఠం అని చెప్పి మనం చేసేవాటిలో రెండు అసలు వినే పాఠాలే కావు. పిల్లల ముందు పుస్తకం తెరిచి ఉండగా టీచరు చదివితే అది చదివే పాఠమే, పిల్లల కళ్లు అక్షరాల మీదే ఉంటాయి. ఆడియో ఒకసారి వినిపించి వెంటనే అయిదు ప్రశ్నలు వేస్తే అది పరీక్ష. వినలేనివాడికి వినలేదని చెప్పడం తప్ప అందులో నేర్పింది ఏమీ లేదు. నేను మొదట్లో చేసింది ఈ రెండోదే. ఫోన్‌కు చిన్న స్పీకరు తగిలించి, ఒకసారి వినిపించి, కాపీలు తెప్పించుకుని చూస్తే సగం క్లాసు 15 అన్నచోట 50 రాసింది. ‘సరిగా వినండమ్మా’ అన్నాను. వాళ్లు సరిగానే విన్నారు. ఏం వినాలో నేనే చెప్పలేదు.

పిల్లలకు ఎలాంటి ఇంగ్లిషు వినిపించాలి? మామూలు సంభాషణలో ఇంగ్లిషు నిమిషానికి సుమారు 150 మాటల వేగంతో నడుస్తుంది. అమెరికా ప్రభుత్వ రేడియో వీఓఏ 1959లో నేర్చుకునేవారి కోసం ‘స్పెషల్ ఇంగ్లిష్’ ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు పదజాలాన్ని సుమారు 1,500 మాటలకు కుదించి, వేగాన్ని మామూలు ప్రసారంలో మూడింట రెండు వంతులకు తగ్గించింది. ఎనిమిదో తరగతికి నేను ఎంచుకునేది నిమిషానికి 120 మాటలు, 90 సెకన్ల నిడివి. మొత్తం 180 మాటలు. విని అర్థం చేసుకోవాలంటే నూటికి 95 మాటలు ముందే తెలిసి ఉండాలని ఈ రంగంలో పనిచేసినవాళ్లు లెక్కకట్టారు. 180లో 5 శాతం అంటే 9. తెలియని మాటలు 9 దాటితే ఆ ఆడియో పక్కన పెట్టి వేరేది వెతుక్కోవాలి. ఉన్న తొమ్మిదిలో నాలుగింటిని వినడానికి ముందే బల్ల మీద రాసి చెబితే మిగతా అయిదింటినీ పిల్లలు సందర్భాన్ని బట్టి పట్టుకుంటారు.

ఆడియో కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మన రైల్వే స్టేషన్లలో రోజూ వినిపించే ప్రకటన చాలు. ఒకే సమాచారం తెలుగులో, హిందీలో, ఇంగ్లిషులో వరసగా వస్తుంది. విశాఖపట్నం నుంచి హైదరాబాదు వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్ నంబరు 12727. ఆ అంకెలు ఒక్కొక్కటిగా తెలుగులో విన్న పిల్లకు ఇంగ్లిషులో ‘వన్ టూ సెవెన్ టూ సెవెన్’ అనగానే దేని గురించో తెలిసిపోతుంది. భావం తెలుగులో ముందే చేతికి అందింది కాబట్టి చెవి పూర్తిగా శబ్దం మీద పెట్టొచ్చు. ఆ నమూనాలోనే బండి పేరు, వేళలు, ప్లాట్‌ఫామ్ మార్చి నాలుగైదు ప్రకటనలు నా గొంతుతో రికార్డు చేసుకుంటాను. అన్నీ కలిపి 90 సెకన్లు.

మూడుసార్లు వినిపిస్తాను. మొదటిసారి ఒకే ప్రశ్న: ఎన్ని బండ్ల గురించి చెప్పారు? రెండోసారి నాలుగు ప్రశ్నలు: నంబరు, వేళ, ప్లాట్‌ఫామ్, ఎంత ఆలస్యం. మూడోసారి ఆ మాటలు అచ్చయిన కాగితం చేతికిచ్చి, వింటూ చూసుకోమంటాను. అసలు నేర్చుకోవడం ఈ మూడోసారే జరుగుతుంది. ‘ఈ మాట నాకు తెలుసే, వినిపించలేదేం?’ అని వాళ్లకు అనిపించేది అప్పుడే.

ఎందుకు వినిపించలేదో చెప్పడానికి తెలుగు పిల్లలకు ఒక సుళువు ఉంది. వాళ్లకు సంధి తెలుసు. ‘ఏమి అయింది’ అని ఎవరూ అనరు, ‘ఏమైంది’ అంటారు. ‘వాడు ఎక్కడ’ ‘వాడెక్కడ’ అవుతుంది. తెలుగు పీరియడులో ఉత్వ సంధి అని పేరు కూడా నేర్చుకున్నారు. ఇంగ్లిషు నోట్లోనూ ఇలాంటిదే జరుగుతుంది. హల్లుతో ముగిసిన మాట పక్కన అచ్చుతో మొదలయ్యే మాట వస్తే ఆ హల్లు పోయి పక్క అచ్చును అంటుకుంటుంది. ‘పిక్ ఇట్ అప్’ మూడు మాటలు, చెవికి ‘పికిటప్’ ఒక్కటే. రైలు ప్రకటనలో ‘ఈజ్ అరైవింగ్ ఆన్’ అనేది ‘ఈజరైవింగాన్’ అయిపోతుంది. నిఘంటువులో ఆ మాట కోసం వెతికితే దొరకదు. బల్ల మీద దాన్ని అలాగే తెలుగు లిపిలో కలిపి రాసి, ‘విడదీయండి’ అంటే పిల్లలు సంధి విడదీసినట్టే విడదీసేస్తారు. తెలుగు టీచరు నేర్పినది ఇంగ్లిషు పీరియడులో ఇంతగా పనికొచ్చే చోటు ఇంకోటి నాకు తెలియదు.

ఇక 15, 50 సంగతి. 13–30 నుంచి 19–90 దాకా ఇలా తికమక పెట్టే జంటలు 7. విడిగా పలికినప్పుడు ‘టీన్’ ఉన్నవాటిలో బరువు చివర పడుతుంది, ఆ అచ్చు సాగుతుంది. ‘టీ’ ఉన్నవాటిలో బరువు మొదట పడుతుంది, చివర పొట్టిగా తెగుతుంది. తెలుగు నోరు అన్ని అక్షరాలనూ సమానంగా పలుకుతుంది కాబట్టి మనకు రెండూ ఒకేలా ఉంటాయి. చివరి ‘న్’ వినబడుతుందిగా అనుకుంటాం. కానీ ‘ఫిఫ్టీన్ మినిట్స్’ అన్నప్పుడు ఆ ‘న్’ పక్కనున్న ‘మి’లో కలిసిపోతుంది. అందుకే బండి 15 నిమిషాలు ఆలస్యమా, 50 నిమిషాలా అన్నది నిజంగానే చిక్కు ప్రశ్న. 7 జంటలకూ చేత్తో బల్ల మీద దరువు వేసి పలికిస్తే రెండు నిమిషాల పని. బరువు పడే చోట గట్టిగా కొట్టాలి.

చెవి నుంచి నోటికి. ఇక్కడ లెక్క మార్చగలిగేది ఒకటే: ఒకరి తర్వాత ఒకరు కాకుండా ఒకేసారి 20 మంది మాట్లాడాలి. 40 మంది 20 జతలు. ప్రతి జతకు రెండు చీటీలు. రెండింటిలోనూ ఒకే రైళ్ల పట్టిక, కానీ ఒకరి చీటీలో ఉన్న వేళ రెండోవారి చీటీలో ఖాళీ. ఒక్కోదానిలో 4 ఖాళీలు. చీటీ చూపించకూడదు, అడిగి రాసుకోవాలి. సామర్లకోటకు ఎన్నింటికి? ఏలూరుకు ఎన్నింటికి? పట్టిక నేను తయారుచేసుకున్నదే కాబట్టి వేళల్లో కావాలనే 5:15, 5:50 రెండూ పెడతాను. అప్పుడు ఒక అమ్మాయి ‘ఫైవ్ ఫిఫ్టీన్’ అంటుంది. ఎదుటి అబ్బాయి రాయబోయి ఆగి, ‘సారీ, వన్ ఫైవ్? ఫైవ్ జీరో?’ అని అడుగుతాడు. వ్యాకరణం ప్రకారం అది సగం వాక్యం కూడా కాదు. కానీ అర్థం కానప్పుడు ఊరుకోకుండా తిరిగి అడగడం ఏ భాషలోనైనా మాట్లాడేవాడి మొదటి పనిముట్టు, అది అప్పుడే వాడి చేతికి వచ్చింది. ఆ ప్రశ్న వినిపిస్తే ఆ రోజు పాఠం నాకు దక్కినట్టే.

రైళ్ల పట్టికలతో ఇంగ్లిషు చెప్పడం నేను కనిపెట్టింది కాదు. ఎన్.ఎస్. ప్రభు ఆధ్వర్యంలో 1979 నుంచి 1984 దాకా దక్షిణ భారతదేశంలోని మామూలు బడుల్లో సాగిన ‘బెంగళూరు ప్రాజెక్టు’లో ఇలాంటి పనులే ఇచ్చేవారు: పట్టికలు, పటాలు, దారి కనుక్కోవడాలు. దాని మీద ఆయన రాసిన పుస్తకం 1987లో వచ్చింది, ప్రపంచమంతా ఇంగ్లిషు బోధించేవాళ్లు చదివారు. ఇచ్చిన పని తగిన కష్టంతో ఉందో లేదో తేల్చడానికి ఆయన పాటించిన కొలత సరళమైనది. క్లాసులో కనీసం సగం మంది, పనిలో కనీసం సగం సరిగా చేయగలగాలి. 40 మందిలో 20 మందికి 4 ఖాళీల్లో 2 కుదిరితే ఆ పని సరిపోయినట్టు. అందరికీ అన్నీ వస్తే మరీ తేలిక, దాన్ని మళ్లీ వాడకూడదు. ఏ పరిశోధనా చేయకుండా ఏ టీచరైనా ఆ పూటే వాడుకోగల కొలత అది.

చీటీల పనికి 8 నిమిషాలు. జతలో ఒక్కొక్కరి వాటా 4. తర్వాతది కథ చెప్పడం: ‘నేను చేసిన ఒక ప్రయాణం’. ఇక్కడ 1983లో కీత్ మారిస్ ప్రచురించిన పద్ధతి ఒకటి ఉంది, 4/3/2 అంటారు. ఒకే విషయాన్ని ముగ్గురు వేర్వేరు శ్రోతలకు మూడుసార్లు చెప్పాలి, ఒకసారికి 4 నిమిషాలు, తర్వాత 3, తర్వాత 2. మొదటిసారి పిల్ల మాటల కోసం తడుముకుంటుంది. రెండోసారికి మాటలు దొరికి ఉంటాయి. మూడోసారి సమయం తక్కువ కాబట్టి వేగం దానంతటదే వస్తుంది. ఈ పద్ధతిలో మాటల వేగం పెరిగిందని పాల్ నేషన్ 1989లో కొద్దిమంది అభ్యాసకులతో చేసిన చిన్న అధ్యయనంలో చూపించారు. మన ఎనిమిదో తరగతికి 4 నిమిషాలు ఎక్కువ. నేను 2 నిమిషాలు, ఒకటిన్నర, 1 పెడతాను. ఆరో తరగతికి 1 నిమిషం, 45 సెకన్లు, 30 సెకన్లు చాలు. ఒక వరుస కదలకుండా కూర్చుంటే, రెండో వరుస ప్రతిసారీ ఒక బెంచీ జరుగుతుంది. కొత్త మనిషి ఎదురుగా ఉండాలి, లేకపోతే అదే కథ మళ్లీ చెప్పడానికి కారణం ఉండదు.

ఇప్పుడు మొదటి లెక్క మళ్లీ వేద్దాం. సర్దుకోవడానికి 5 నిమిషాలు, ముందే చెప్పే మాటలకు 4, మూడుసార్లు వినడం, సంధి, దరువు కలిపి 14. చీటీలకు 8. కథకు ఇద్దరికీ కలిపి 9, బెంచీలు మారడానికి 2. చివర 3. మొత్తం 45. అందులో ఒక్కో పిల్ల మాట్లాడింది చీటీల దగ్గర 4, కథ దగ్గర నాలుగున్నర, మొత్తం ఎనిమిదిన్నర నిమిషాలు. అర నిమిషానికి 17 రెట్లు.

రోజూ ఇలాగే చేయమని నేను అనను. సిలబస్ పూర్తి చేయాలి, రాత నేర్పాలి. వారానికి రెండు పీరియడ్లు చాలు. 220 రోజులంటే సుమారు 36 వారాలు, 72 పీరియడ్లు, ఎనిమిదిన్నర చొప్పున 612 నిమిషాలు. పాత పద్ధతిలో అయిదేళ్లకు వచ్చిన 550 నిమిషాలను ఇది ఒక్క ఏడాదిలో దాటేసింది. కబుర్లకూ, సిగ్గుకూ, కరెంటు పోవడానికీ సగం పోయిందనుకున్నా 5 గంటలు మిగులుతాయి.

రెండు ఇబ్బందులు వస్తాయి. ఒకటి గోల. 20 నోళ్లు ఒకేసారి తెరుచుకుంటే పక్క క్లాసుకు వినబడుతుంది, హెడ్మాస్టరు గారు వరండాలో ఆగి చూస్తారు. ముందే ఆయనకు చెప్పి పెట్టుకోవడం మంచిది: మంగళవారం, శుక్రవారం మూడో పీరియడులో చప్పుడు ఉంటుంది సార్, అది పని చప్పుడు అని. రెండోది, పిల్లలు మధ్యలో తెలుగులోకి జారడం. నాకు అది పెద్ద తప్పుగా తోచదు. కథ మొదలుపెట్టే ముందు 1 నిమిషం పక్కవాడితో తెలుగులోనే ఆలోచించుకోనిస్తే, తర్వాతి 2 నిమిషాలు ఇంగ్లిషులో నిలబడతాయి. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడులు ఉన్నాయి. జరిమానాకు భయపడ్డ పిల్ల తెలుగు మానేస్తుందే గాని, ఇంగ్లిషు మొదలుపెట్టదు. మొత్తానికే ఊరుకుంటుంది.

ఊరుకోవడం గురించి ఇంకో అంకె. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త క్లాసుల రికార్డింగులు విని 1974లో ప్రచురించిన పరిశోధనలో, టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం సగటున 1 సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. ఆ ఆగడాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయి, అసలు నోరు విప్పనివాళ్లూ చెప్పడం మొదలుపెట్టారు. ఆ పిల్లలు తమ సొంత భాషలో జవాబు చెబుతున్నవాళ్లు. మన పిల్ల సంగతి వేరు. ‘నేను నిన్న రాజమండ్రి వెళ్లాను’ అని మనసులో వచ్చిన వాక్యంలో చివరనున్న ‘వెళ్లాను’ను లాక్కొచ్చి ‘నేను’ పక్కన పెట్టాలి, ‘రాజమండ్రి’ ముందు ‘టు’ చేర్చాలి, ‘గో’ను ‘వెంట్’ చేయాలి. ఒక్క వాక్యానికి మూడు పనులు. అందుకు 5 సెకన్లయినా ఇవ్వాలి. క్లాసులో 5 సెకన్ల నిశ్శబ్దం ఎంత బరువుగా ఉంటుందో మొదటిసారి ఆగి చూస్తేగాని తెలియదు. నేను చేతులు వెనక్కి కట్టుకుని లోలోపల లెక్కపెట్టుకుంటాను. నాలుగు దగ్గర చాలాసార్లు ఒక గొంతు లేస్తుంది.

పిల్లలు మాట్లాడుతుండగా తప్పులు దిద్దను. చివరి 3 నిమిషాలు అందుకే ఉంచుకున్నవి. తిరుగుతూ విన్నవాటిలో ఎక్కువమంది చేసిన మూడు తప్పులు, పేర్లు లేకుండా, బల్ల మీద రాసి అందరితో దిద్దిస్తాను. మూడు మించను, ఎక్కువైతే ఎవరూ ఒక్కటీ తీసుకుపోరు.

40 మందినీ ఒకే రోజు వినడం ఎవరివల్లా కాదు. అందుకని ఒక పీరియడుకు 4 పేర్లు. ఆ నలుగురి పక్కన కాసేపు నిలబడి విని చేతి పుస్తకంలో ఒక్కో వాక్యం రాసుకుంటాను. పది పీరియడ్లకు, అంటే అయిదు వారాలకు, క్లాసు మొత్తం ఒక చుట్టు తిరుగుతుంది. 72 పీరియడ్లలో ఒక్కొక్కరి వంతు ఏడుసార్లు వస్తుంది. మార్కులు వేయను. జూలైలో ఒక అమ్మాయి గురించి రాసుకున్నది: ‘పక్కమ్మాయి చీటీ చూసి రాసింది, మాట లేదు.’ ఆగస్టులో: ‘వాట్ టైమ్ ఏలూరు? అని అడిగింది.’ అక్టోబరులో, దసరా సెలవులు అయ్యాక: ‘అమ్మమ్మగారి ఊరు ప్రయాణం చెప్పింది. మొదటి రౌండులో నాలుగు వాక్యాలు. మూడో రౌండులో తొమ్మిది. బెల్లు కొట్టాక కూడా ఆపలేదు.’